లంగరు మట్టి వాసన

మొన్న ఆదివారం పొద్దున్నే అమెరికాలో, మేరీలాండ్‌లోని వై నదిలో లంగరు ఎత్తుతున్నాం. ఎత్తుతున్నాం అంటే, మా అమ్మాయి బటన్ నొక్కింది, మోటారు తిరిగింది, గొలుసు గరగరమంటూ దానంతటదే పైకొచ్చింది. చివర్న లంగరుతో పాటు తట్టెడు నల్లటి బురద. నేను ముందువైపు వంగి చూస్తున్నానేమో, ఆ వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలింది. కుళ్ళిన ఆకు, ఉప్పు, కొంచెం గంధకం, చేపల బుట్ట అడుగు, అన్నీ కలిసిన వాసన.

"నాన్నా, కాస్త జరుగు. పైపుతో కడిగేస్తాను" అంది.

"ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నాను.

ఆ వాసన నాకు రెండు చోట్ల తెలుసు. ఒకటి, ఎండాకాలం నీళ్ళు కట్టేసినప్పుడు బయటపడే గోదావరి కాలువ అడుగు. రెండోది ఈ నది కలిసే చెసపీక్ బే అనే అఖాతంలోనే, నేను ఏళ్ళ తరబడి చేతుల్తో లంగరు లాగిన ఒక పాత పడవ ముందుభాగం. ఆ పడవ పెద్దాయన పోయి ఈ నెలకి ఏడాది.

* * *

మా తాతయ్యది ధాన్యం వ్యాపారం. బస్తాలు కాకినాడ కాలువ మీద పడవల్లోనే వెళ్ళేవి. సెలవుల్లో నన్నూ ఎక్కించుకునేవారు. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవారు, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు భుజానికేసుకుని వంగి లాగుతూ నడిచేవారు. రాత్రిపూట వాళ్ళు కనిపించేవాళ్ళు కాదు, తాడు ఒక్కటే చీకట్లోకి పోతున్నట్టు ఉండేది. ఎదురుగా రాదారి పడవ వస్తే ముందు లాంతరు కనిపించేది, తర్వాత మనుషుల గొంతులు, చంటిపిల్ల ఏడుపు, ఎవరో దగ్గడం. ఆ పడవ దాటిపోయాక మా పడవ కాసేపు ఊగేది.

లాకుల దగ్గర పడవ ఆగితే నాకు పండగ. తలుపులు మూసేవారు, నీళ్ళు లేచేకొద్దీ పడవ గోడ పక్కనే నెమ్మదిగా పైకి వచ్చేది. మనం కదలకుండానే గట్టు మీది మనుషుల కాళ్ళు ముందు, తర్వాత మోకాళ్ళు, తర్వాత మొహాలు కనిపించేవి.

సరంగు ఒకసారి నన్ను చుక్కాని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. నేను పడవ ముక్కు వైపే చూస్తూ అటూ ఇటూ తిప్పేస్తుంటే, "ముక్కుని చూడకండి బాబూ. అదిగో, ఆ తాడిచెట్టుని చూడండి" అన్నాడు. చూశాను. పడవ తిన్నగా పోయింది.

కాలువలు కట్టేశాక పడవలన్నీ బురదలో ఒక పక్కకి ఒరిగి ఉండేవి. పలకల సందుల్లో పత్తి కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూసేవారు. ఆ కాగే గుగ్గిలం, ఆ ఎండుతున్న బురద, రెండు వాసనలూ కలిసి ఊరంతా ఉండేవి. తర్వాత లారీలు వచ్చాయి. నేను ఇంజనీరింగులో చేరేనాటికి మా కాలువ మీద తెరచాప లేదు.

* * *

బాల్టిమోర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో చేరినప్పుడు మెషీన్ షాపుకి పెద్ద ఆయనే. నాకంటే పాతికేళ్ళు పెద్ద. నేను ఆయన్ని చివరిదాకా సర్ అనే పిలిచాను. పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా నావల్ల కాలేదు. ఒకరోజు భోజనాల దగ్గర మా కాలువ సంగతి, లాకుల సంగతి చెప్పాను. ఆయన తినడం ఆపేసి ప్రశ్నలు మొదలుపెట్టారు. లాకు తలుపు ఎలా తెరుచుకునేది? తాడు పడవకి ఎక్కడ కట్టేవారు? లాగుతుంటే పడవ గట్టు మీదికి రాకుండా చుక్కాని ఎటు పట్టేవారు? ఈ దేశం వచ్చాక మా ఊరి గురించి అంత శ్రద్ధగా అడిగిన మొదటి మనిషి ఆయన.

ఆ శుక్రవారం ఇంటికెళ్ళబోతూ, "రేపు ఏడింటికి ఈస్ట్‌పోర్టుకి రా. నల్ల అడుగు ఉన్న బూట్లు వేసుకోకు, డెక్ మీద మరకలు పడతాయి" అన్నారు.

మర్నాడు అనాపొలిస్‌లోని ఆ రేవులో పడవెక్కగానే ఆయన చేసిన మొదటి పని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఇంజను అటామిక్ ఫోర్, 30 గుర్రాల పెట్రోలు ఇంజను. ముందు ఫ్యాను వేశారు. అయిదు నిమిషాలు గడియారం చూశారు. తర్వాత ఇంజను మీది చెక్క మూత తీసి, రెండు మోకాళ్ళ మీద కూర్చుని, తల లోపలికి పెట్టి వాసన చూశారు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పడవ అడుగున చేరి కూర్చుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

"ఫ్యాను తిరిగింది కదా సర్" అన్నాను.

"తిరిగిందని నీ చెవి చెప్పింది. ఆవిరి పోయిందని ముక్కు చెప్పాలి" అన్నారు. లేచి నన్ను కూర్చోమన్నారు. చెక్క, గ్రీజు, తడి తాడు, ఎప్పటిదో కాఫీ. పెట్రోలు లేదు. అప్పుడు స్టార్ట్ చేశారు.

పడవకి ఆయన భార్య పేరే పెట్టుకున్నారు.

* * *

ఆ పడవ ఆల్బెర్గ్ 30. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన కార్ల్ ఆల్బెర్గ్ గీసిన డిజైను. కెనడాలో, ఒంటారియోలోని విట్బీ బోట్ వర్క్స్‌ అనే కంపెనీలో 1962 నుంచి 1987 దాకా 700 పైచిలుకు తయారయ్యాయి. మా బేలో వీటికి ప్రత్యేకంగా ఒక సంఘమే ఉంది, వాళ్ళలో వాళ్ళు పందేలు వేసుకుంటారు, వేసవిలో పడవలన్నీ పక్కపక్కనే కట్టుకుని రాత్రంతా కబుర్లు చెప్పుకుంటారు.

పొడవు 30 అడుగుల 3 అంగుళాలు. కానీ నీటిని తాకే పొడవు 21 అడుగుల 8 అంగుళాలే. ముందూ వెనకా రెండు కొసలూ నీటిపైకి సాగి ఉంటాయి. నాకు మొదట అర్థం కాలేదు, అంత పడవని గాల్లో ఎందుకు వదిలేశారని. ఆనాటి పందేల లెక్కల్లో నిలబడి ఉన్నప్పుడు నీటిని తాకే పొడవునే కొలిచేవారు. అది తక్కువుంటే పడవకి నెమ్మది పడవగా లెక్కకట్టి వెసులుబాటు ఇచ్చేవారు. గాలికి ఒరిగినప్పుడు ఆ కొసలు నీళ్ళలోకి దిగుతాయి, పడవ అప్పుడు పొడుగవుతుంది. నియమం కోసం పుట్టిన ఆకారమే అయినా, ఒడ్డు మీద నిలబడి చూస్తే ఆ గీత ఎంత అందంగా ఉండేదో! పడవని లంగరు వేసి చిన్న రబ్బరు బోటులో దూరం వెళ్ళాక ఆయన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసుకునేవారు. ప్రతిసారీ.

అడుగున వెన్నెముకలా ముందు నుంచి వెనకదాకా సాగే పొడుగాటి కీల్ ఉంటుంది, దాని చివరే చుక్కాని. యీవ్ జెలీనా అనే క్యుబెక్ ఆయన ఇలాంటి పడవలోనే 1981 నుంచి 83 దాకా ఒంటరిగా భూమి చుట్టి వచ్చాడు. మధ్యలో పసిఫిక్‌లో పడవ తిరగబడి స్తంభం విరిగింది. ఒడ్డు చేరి, బాగు చేసుకుని, మళ్ళీ బయల్దేరి కేప్ హార్న్ దాటాడు. పెద్దాయన ఈ కథ చెప్పేటప్పుడు పడవ గోడ మీద అరచేయి ఆనించి చెప్పేవారు.

* * *

జులైలో ఓ మధ్యాహ్నం థామస్ పాయింట్ లైట్‌హౌస్ దగ్గర ఉన్నాం. నీటి మధ్యలో ఇనుప కాళ్ళ మీద నిలబడిన ఆరు మూలల తెల్ల ఇల్లు అది, 1875 నాటిది. పడమట ఆకాశం వంకాయ రంగులోకి తిరిగింది. ఆయన నా వైపు చూసి, "జిబ్ దించు" అన్నారు.

ఆ రోజుల్లో జిబ్, అంటే ముందు తెరచాప, చుట్టుకుపోయే ఏర్పాటు ఆ పడవకి లేదు. ఇత్తడి కొక్కేలతో తీగకి తగిలించి ఉండేది. దించాలంటే ముందుకి పాకాలి. మోకాళ్ళ మీద పాకాను. ఒక చేయి పడవకి, ఒక చేయి పనికి. గుడ్డ గాలికి కొట్టుకుంటూ చెంప మీద చరిచింది. అల వచ్చి మోచేతుల దాకా తడిపింది. కొక్కెం తర్వాత కొక్కెం ఊడదీసి, సంచిలో కుక్కి, వెనక్కి వచ్చేసరికి గాలి మొదలైంది.

చుక్కాని నా చేతిలో పెట్టి, ఆయన గది మెట్ల మీద నిలబడ్డారు. పడవ ఒరిగింది. 15 డిగ్రీలు, 20, 25. నాకు టెన్షన్. అక్కడ ఆగిపోయింది, ఎవరో భుజం కాసినట్టు. పడవని నిలబెట్టే దాదాపు 1500 కిలోల బరువు కింద ఉంది. అంచు నీళ్ళలో నురగలు కక్కుతోంది, చుక్కాని కొయ్య అరచేతిలో బరువుగా నెడుతోంది, కానీ పడవ మాత్రం ఇంక వంగనంటోంది. నేను కంగారుగా పడవ ముక్కునే చూస్తున్నాను.

"లైట్‌హౌస్‌ని చూడు" అన్నారు.

తాడిచెట్టు గుర్తొచ్చింది. ఆ గాలి ఉన్నంతసేపూ ఆయన ఆకాశం వైపు ఒక్కసారి కూడా చూడలేదు, నన్నే చూస్తూ నిలబడ్డారు.

* * *

శీతాకాలం అయ్యాక గట్టు మీద పని ఉండేది. మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున ఈస్ట్‌పోర్టులో పాత మేజోళ్ళు మంటలో వేస్తారు, ఇక బూట్లకింద మేజోళ్ళు తొడుక్కోనక్కర్లేదని. నాకు భోగిమంట లాగే ఉండేది. మర్నాటి నుంచి పడవ అడుగు గీకడం, రాగి కలిసిన ఎర్ర రంగు వెయ్యడం, టేకు అంచుకి వార్నిష్. ఒక పూత, అది ఆరాక ఉప్పుకాగితం, మళ్ళీ పూత. ఆరేడు పూతలు పడితేగానీ ఆయన ఒప్పుకునేవారు కాదు. మూడు వారాంతాలు దానికే పోయేవి. మా ఆవిడకి కోపం, పిల్ల స్విమ్మింగ్ క్లాసుకి ఎవరు తీసుకెళ్ళాలని. ఆ కోపం న్యాయమే. అందుకే పిల్లని నాతో తెచ్చేసేవాణ్ణి. ఆయన దానికో చిన్న బ్రష్ ఇచ్చి, పడవ కింద నీడలో, తప్పు పడినా కనిపించని చోట వార్నిష్ చెయ్యనిచ్చేవారు.

పెద్దయ్యాక అదే పిల్ల 2018లో ఫోన్ పట్టుకుని ఆయన దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. మన నౌకాదళం అమ్మాయిలు ఆరుగురు తారిణి అనే 55 అడుగుల పడవలో 254 రోజుల్లో భూమి చుట్టి గోవా చేరారు. అందులో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య మన తెలుగువాళ్ళే. పెద్దాయన కళ్ళజోడు పైకి తోసి ఫోన్ దగ్గరగా పెట్టుకున్నారు. ముందు పడవ చూశారు. తర్వాత బొమ్మ పెద్దది చేసి ఆ అమ్మాయిల చేతులు చూశారు.

"ఇక నువ్వూ కొనుక్కో" అన్నారు మా అమ్మాయితో.

* * *

కొనుక్కుంది. ముందు అక్టోబరులో అనాపొలిస్ బోటు షోకి వెళ్ళాం. అక్కడ ఓషియానిస్ 30.1 అనే కొత్తరకం పడవ ఎక్కి చూశాం. మా అమ్మాయి చివరికి కొన్నది వేరే కంపెనీది, అయినా తరం ఒకటే, కొలతల్లో అటూ ఇటూ అంతే. ఆ రోజు షోలో ఇచ్చిన కాగితం చదివి నేను ఆశ్చర్యపోయాను. బరువు దాదాపు 4 టన్నులు. ఆల్బెర్గ్ కూడా 9,000 పౌన్లు, అంటే అదీ సుమారు 4 టన్నులే. తక్కెట్లో వేస్తే రెండూ సమానంగా తూగుతాయి. పొడవూ అంతే. మరి ఎందులోనూ పోలిక లేదే!

తేడా అంతా ఆ బరువుని ఎక్కడ పెట్టారన్నదాంట్లో ఉంది. పాతదాని వెడల్పు 8 అడుగుల 9 అంగుళాలు, అదీ నడుము దగ్గరే, రెండు కొసలూ సన్నబడిపోతాయి. కొత్తదాని వెడల్పు 9 అడుగుల 10 అంగుళాలు, ఆ వెడల్పు వెనకదాకా తగ్గదు. ముక్కు నిటారు, అందువల్ల పడవ మొత్తం నీళ్ళలోనే ఉంటుంది. నీటిని తాకే పొడవు పెరిగితే వేగం పెరుగుతుంది, అది లెక్క. పాతదాంట్లో 6 నాట్లు, అంటే గంటకి 11 కిలోమీటర్లు, దాటితే పండగ. మొన్న మా అమ్మాయి 7 దగ్గర నడుపుతూ మాట్లాడుతోంది. సెయింట్ మైకేల్స్‌కి మేం దీపాలు పెట్టే వేళకి చేరేవాళ్ళం, తను మూడింటికల్లా చేరింది.

లోపల ఇంకా తేడా. పాత గదిలో ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగిలేవి. చల్లదనానికి మంచు దిమ్మ కొనుక్కుని పెట్టెలో వేసుకోవాలి. రాత్రికి కిరసనాయిలు దీపం. కొత్తదాంట్లో నిలబడి బట్టలు మార్చుకోవచ్చు, ఫ్రిజ్ ఉంది, వెనక తలుపున్న గది ఉంది, గోడల్లో కిటికీలు, పడుకుంటే నీళ్ళు కంటికి సమానంగా కనిపిస్తాయి. మా ఆవిడ పాత పడవలో పడుకున్నది ఒక్క రాత్రే. ఇందులో ఈ వేసవిలోనే ఆరు రాత్రులు గడిపింది, పొద్దున్నే ఉప్మా కూడా చేసింది. పడవలో మా ఇద్దరం కలిసి కాఫీ తాగుతామని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఇది చిన్న విషయం కాదు నాకు.

మరి పాతది ఎందులో మేలు? అలలో. దక్షిణపు గాలి ఆటుపోటుకి ఎదురొస్తే మా బేలో పొట్టి అలలు, నిట్రంగా, ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. సగటు లోతు 21 అడుగులే ఉన్న నీళ్ళు కదా. పాతది వాటిని కత్తిలా కోసుకుంటూ, తడిపేస్తూ, శబ్దం లేకుండా పోయేది. అడుగు చదునుగా ఉండే పడవ ఏదైనా అల మీంచి దిగేటప్పుడు దబ్బుమంటుంది, అలమారలో కప్పులన్నీ గలగలమంటాయి. ఇంకొకటి. పాతది తొందరగా ఒరిగేది, అందుకే గాలి పెరుగుతోందని మనకి ముందే తెలిసేది. వెడల్పు పడవ చాలాసేపు నిటారుగానే నిలబడుతుంది, తెరచాప తగ్గించాలన్న సంగతి ఒంటికి తెలియదు, గాలి మీటరు చూసి తెలుసుకోవాలి. మా అమ్మాయి మీటరు చూసే తగ్గిస్తుంది. సరైన సమయానికే తగ్గిస్తుంది. తాళ్ళన్నీ వెనక్కే వస్తాయి కాబట్టి ఎవరూ ముందుకి పాకక్కర్లేదు. నా పిల్ల అలలో మోకాళ్ళ మీద పాకే అవసరం లేనందుకు ఒక తండ్రిగా నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

అయినా చుక్కాని పట్టుకున్నప్పుడు నా అరచేయి ఆ బరువు కోసం వెతుక్కుంటుంది.

* * *

పెద్దాయన పోయాక ఆయన భార్య పడవని నన్నే తీసుకోమన్నారు. డబ్బు వద్దన్నారు. నాలుగు రోజులు నిద్రపట్టలేదు. నా మోకాళ్ళు ఇక ముందుకి పాకలేవు, లంగరు చేత్తో లాగలేవు. ఏడు పూతల వార్నిష్ నా వల్ల కాదు, వెయ్యకుండా చూడడమూ నా వల్ల కాదు. తీసుకోలేనని చెప్పడానికి ఆమె ఇంటికి వెళ్ళి, టీ తాగి, చెప్పకుండా తిరిగొచ్చాను. రెండోసారి వెళ్ళి చెప్పాను. ఆమె నా చెయ్యి నొక్కి ఊరుకున్నారు.

ఒక కుర్ర జంట పాత కారు ధర కూడా పెట్టకుండా కొనుక్కున్నారు. అందులోనే కాపురం ఉంటున్నారు. పైన సోలార్ పలకలు, అంచుకి ఆరేసిన తువ్వాళ్ళు. వార్నిష్ లేచిపోయింది. కానీ పేరు మార్చలేదు.

* * *

మొన్న వై నది నుంచి తిరిగొచ్చేసరికి పెద్దాయన భార్య రేవులో కూర్చుని ఉన్నారు. మా అమ్మాయే ఫోన్ చేసి రమ్మందట. ఆమెకి తుంటి ఆపరేషన్ అయి చాలా ఏళ్ళయింది. ఆ పడవకి తన పేరున్నా, ఎత్తైన అంచు దాటి ఎక్కలేక, చివరి పదేళ్ళూ ఆమె రేవులోనే కుర్చీ వేసుకుని మమ్మల్ని సాగనంపేవారు.

మా అమ్మాయి పడవ వెనకభాగం కిందికి దించింది. అది అరుగులా నీటిమట్టానికి దిగుతుంది. పడవని వెనక్కి తిప్పి రేవుకి ఆనించాం. ఆమె కర్ర పక్కన పెట్టి, అమ్మాయి చెయ్యి పట్టుకుని, ఒక్క అడుగు వేసి లోపలికి వచ్చేశారు. అంత సులువుగా ఎక్కగలిగినందుకు ఆమెకే నమ్మకం కలగలేదేమో, వెనక్కి తిరిగి రేవు వైపు చూశారు.

కూర్చున్నాక అమ్మాయి స్టార్ట్ బటన్ మీద వేలు పెట్టింది. ఆమె టక్కున చెయ్యి ఎత్తారు.

"ఆగమ్మా. వాసన చూశారా?"

ఇది డీజిలు ఇంజను, ఆ భయం లేదని చెప్పబోయింది అమ్మాయి. నేను వద్దని సైగ చేశాను. మెట్లు పక్కకి తీసి, ఇంజను మూత తెరిచి, మెల్లగా రెండు మోకాళ్ళ మీద కూర్చుని, తల లోపలికి పెట్టాను. కొత్త రబ్బరు, కొంచెం డీజిలు. లంగరు గొలుసు కడిగిన నీళ్ళు ఎక్కడో కారి ఉంటాయి, ఆ బురద కూడా.

"పర్లేదండీ" అన్నాను.

"అయితే పోనివ్వండి" అన్నారామె.